పెరటి చివరి కుళాయి

నారుమొక్కలు పెంచి అమ్మే ఆవిడను వీధంతా ‘మొక్కల వదిన’ అంటారు. ఒక్కపూట నీళ్లు తప్పినా నారు వాడిపోతుందని తొమ్మిదేళ్లుగా ఆవిడ చెల్లెలి ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండలేదు. అది చూడలేక మరిది, ఎక్కడినుంచైనా ఫోన్‌తో తిప్పే కుళాయి ఒకటి తెచ్చి పెరటి చివర బిగించాడు. ఇంకో గంటలో చెల్లెలి ఊరికి బస్సు. కుళాయికేమో వైఫై అందడం లేదు.

“నాలుగోసారి వదినా. మొండికేసింది.”

“నీ పోలికే వచ్చింది. ఫోన్‌లో మన పేరుతో రెండు వైఫైలున్నాయేం?”

“ఒకటి ఐదు గిగాహెర్ట్జ్‌ది. మంచి వేగం, కానీ గోడలు దాటితే నీరసపడిపోద్ది. ఇంకోటి రెండు పాయింట్ నాలుగు. నిదానమే గానీ దూరం పోద్ది. నేను వేగంగా ఉందని మొదటిదే పెట్టా.”

వదిన పారుతున్న నీళ్ల పైపు అందుకుని దాని మూతికి బొటనవేలు అడ్డం పెట్టింది. ధార సన్నబడి చివరి మడిని తాకింది.

“వేలు తీస్తే బోలెడు నీళ్లు, అన్నీ నా కాళ్ల మీదే. కుళాయికి మనం చెప్పేది తెరుచుకో, మూసుకో అనేగా? దానికంత వేగం ఎందుకు నాయనా?”

మరిది నాలిక్కరుచుకుని రెండో పేరు నొక్కాడు. కుళాయి మీద పచ్చదీపం వెలిగింది.

బస్సు ఊరు దాటగానే వదిన ఫోన్ మోగింది.

“వదినా! నేనింకా మడి దగ్గరే ఉన్నా! మొత్తం తడిపేశావ్!”

“అందుతుందో లేదో చూశానయ్యా,” అంటూ కిటికీ పక్కన హాయిగా కాళ్లు చాపుకుంది వదిన.