తిరిగి కొట్టే గంట

"తాళంచెవి బియ్యం డబ్బాల పెట్టిన. ఏం చెప్పిన?" అన్నాడు మా ఆయన, దవాఖాన మంచం మీద నుంచి.

"బియ్యం డబ్బాల తాళంచెవి. విన్న తీ, పండుకో," అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. ఆయన బొగ్గుబాయి అడుగున, మనుషులను పైకి లాగే కేజ్ దగ్గర గంట కొట్టేవాడు. కింద ఎన్ని కొడితే పైనుంచి అన్ని తిరిగి రావాలి. రాకపోతే కేజ్ కదలకూడదు. ఇంట్లోనూ అదే అలవాటు. ఉప్పు తెమ్మన్నా సరే, ఆ మాట తిరిగి చెప్పాకే చెప్పులు వేసుకునేవాడు. నాతోనూ అట్లాగే చెప్పించేవాడు.

నా గొంతు మొదటినుంచీ బొంగురే. ఆయన పోయాక ఇంకా పడిపోయింది. మొన్న వానాకాలంలో పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర జారి పడ్డాను. మేడ మీద గదిలో మా చెల్లెలి కూతురు ఉంటుంది. కంప్యూటరు ఉద్యోగం ఇంటినుంచే చేస్తుంది, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని కూర్చుంటుంది. ఎంత పిలిచినా వినబడలేదు. చివరికి పక్కింటామె చూసి లేపింది.

ఆ సంగతి తెలిసి చెల్లెలు మందమర్రి నుంచి వచ్చింది. "నడువక్కా, మా ఇంట్ల ఉందువు. గోడలతోని ముచ్చట పెట్టుకుంట ఎన్నొద్దులుంటవ్?" అంది.

నాకు పోవాలని లేదు. ఆయన డ్యూటీ దిగి వచ్చి, మసి మొహంతోనే కొత్త గోడలు తడుపుతూ కట్టుకున్న ఇల్లు ఇది.

పిల్ల అడ్డుపడింది. "ఆగమ్మా. పెద్దమ్మ ఫోన్ల ఒక బటన్ పెడుత. ఒత్తితే నా లాప్‌టాప్ తెర మొత్తం ఎర్రగైతది."

"అదెట్ల?" అన్నాను.

"పైన నేను పైథాన్ భాషల రాసిన ప్రోగ్రాం చెవొగ్గి కూసుంటది పెద్దమ్మా. నీ ఫోన్ మన ఇంటి వైఫై మీద పోయి దాని తలుపు కొడుతది. అది తీస్తే రెండింటికీ నడుమ దారి పడుతది. దారికి ఈ కొస ఒక సాకెట్, ఆ కొస ఒక సాకెట్. మాట దాని గుండ పోతది."

"రేపు పొద్దుగాల చూస్త మీ సాకెట్ల సంగతి," అని చెల్లెలు ఆ పూటకు ఆగింది.

తెల్లారి స్టవ్ మీద చాయ పెట్టి బటన్ ఒత్తాను. ఫోన్‌లో ఉలుకూ లేదు పలుకూ లేదు. అట్లాగే పట్టుకొని నిలబడ్డాను. గంట తిరిగి రానిది కదలకూడదు కదా, కాలు ముందుకు పడలేదు. చాయ పొంగి మంట ఆరిపోయింది. చెల్లెలు ఉరికొచ్చి గ్యాస్ బంద్ చేసింది.

"చూడు, కొయ్యబొమ్మ లెక్క నిలబడ్డది! ఇంక బట్టలు సర్దు, పోదాం."

అంతలో పిల్ల మెట్లు దిగి వచ్చింది. "తెర ఎర్రగైంది పెద్దమ్మా, అందుకే వచ్చిన. గట్ల నిలబడ్డవేంది?"

"నువ్వు తిరిగి గంట కొట్టలే గదనే. అందిందని నాకెట్ల ఎరుక?"

"అయ్యో, మాట తీసుకునుడే రాసిన. జవాబు పంపుడు రాయలే."

పైనుంచి లాప్‌టాప్ తెచ్చి, మెట్టు మీదే కూర్చుని ఏదో కలిపింది. మళ్లీ ఒత్తాను. ఫోన్ టంగుమంది. అప్పుడు కదిలి, గిన్నె కడిగి ముగ్గురికీ చాయ పెట్టాను. చెల్లెలు తానూ ఒకసారి ఒత్తింది. టంగుమంటే ఇంకోసారి ఒత్తింది. "సరే తీ, నేనే వచ్చి చూసిపోత," అని బస్సెక్కింది. నా బట్టలు దండెం మీదే ఉన్నాయి.

ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది ఆ పిల్లే. నాకు సంతకం తప్ప రాదు. రాసుడైందా బిడ్డా? అయితే నేనేం చెప్పిన్నో తిరిగి చదువు. వినేదాక ఈడ నుంచి లేవ.