సార్ పీట

సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు కోసం నిలబడి ఉన్నాను. వెళ్తున్నది ఆయన ఇంటికే, ఆదివారం క్లాసుకి. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నా పరిశోధన సగంలో ఉండగా ఇట్లా వదిలేసి ఎట్లా పోతారు?

సార్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత ఇంటి వరండాలోనే మాలాంటి వాళ్లకు యుద్ధాల చరిత్ర, దేశాల మధ్య రాయబారాల చరిత్ర ఊరికే చెప్పేవారు. పుస్తకాలు ఇచ్చేవారు. తిరిగి ఇవ్వకపోతే ఇంటికొచ్చి మరీ తిట్టేవారు. "ఒప్పందం మీద సంతకం పెట్టినోని పేరు అందరికి తెలుసు. దానికోసం ఎండల నిలబడ్డోని పేరు తెలుసుకోండ్రి" అనేవారు.

అట్లా దొరికినవాడే నవీపేట్ దగ్గరి తాత. పసుపు రైతు. వయసులో సిపాయిగా ఐక్యరాజ్య సమితి శాంతి దళంతో గాజా వెళ్లి, సరిహద్దు కాపలా కాసి వచ్చాడు. ఈ చుట్టుపక్కల అలాంటివాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. నా పరిశోధన మొత్తం ఆయన నోటి మాట మీదే నిలబడింది.

మొదటిసారి వెళ్లినప్పుడు పెన్ను తీయబోతే సార్ ఆపారు. "పని చేసేటోని ముంగట ఊకె కూసోవద్దు బిడ్డా. ముందుగాల చెయ్యి కలుపు" అన్నారు. తాత వేసిన పీట మీద కూర్చుని, తవ్వి తెచ్చిన దుంపల నుంచి పసుపు కొమ్ములు విరిచారు. ఆ వారం ఆయన దిద్ది ఇచ్చిన నా అధ్యాయం నిండా పసుపు వేలిముద్రలే. ఇదేంది సార్ అంటే, "పెండ్లి పత్రిక అనుకో" అని నవ్వారు.

తాత అక్కడి తిండి గురించి చెప్పాడు, ఇసుక గాలి గురించి చెప్పాడు. సరిహద్దు మీద చనిపోయిన దోస్తు మాట వచ్చేసరికి ఆగిపోయాడు. "గది సార్‌కే చెప్త. పసుపు ఉడికినంక రండ్రి" అన్నాడు.

ఇప్పుడు పసుపు ఉడికింది. సార్ వరండాకి తాళం పడింది. జూనియర్లు ఫోన్ చేసి "అక్కా, ఆదివారం క్లాసుందా?" అని అడుగుతున్నారు. దినాలు అయిపోయాక తాత దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను.

"సార్ రాలేదా?" అని అడిగాడు.

"సార్ లేడు తాతా. గుండె ఆగిపోయింది."

తాత ఎండలో ఆరబోసిన కొమ్ములు తిరగేయడం మొదలుపెట్టాడు. నాకు చెప్పు తాతా, రాసుకుంట అని బతిమాలాను. ఏడ్చాను కూడా.

"నువ్వు అడుగుతవు బిడ్డా. గాయన అడగకుంట కూసునేటోడు" అన్నాడు.

పెన్ను బ్యాగులో పడేసి నేల మీద కూర్చున్నాను. నేనూ కొమ్ములు తిరగేశాను. పొద్దు వాలింది. తాత నోరు విప్పలేదు. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. కానీ ఆయన వయసు నా కోసం ఆగుతుందా?

లేచేటప్పుడు చూశాను. సార్ పీట మా ఇద్దరి మధ్యే ఉంది. అంతసేపు నేల మీద కూర్చున్నా, దాని మీద కూర్చోమని తాత నాకు చెప్పలేదు.