బాల్ట్రా స్థావరం మేకులు

మా పెద్దమ్మ ఎర్మెలిండా ఇంటిని ఎవరైనా "అమెరికావాళ్లిచ్చిన ఇల్లు" అంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఇచ్చారట! ఆవిడ చేతికి వచ్చింది ఒక చీటీ, అంతే.

యుద్ధకాలంలో అమెరికావాళ్లు మా పక్కనున్న బాల్ట్రా ద్వీపంలో విమానస్థావరం కట్టారు. పనామా కాలువ మీదికి శత్రువు ఎటునుంచి వస్తాడోనని వాళ్ల విమానాలు రోజూ సముద్రాన్ని జల్లెడపట్టి వచ్చేవి. పెద్దమ్మ అక్కడ కూలీలకు వండేది. భర్త యుద్ధానికి ముందే పోయాడు; అప్పటినుంచీ, జలసంధికి ఇవతల మా ఊళ్లో, మా నాన్న అన్సెల్మో వంటింటి మూలే ఆవిడకు దిక్కయింది. సొంత గడప ఒక్కటుంటే చాలని ఆవిడ ఆశ.

నలభై ఆరులో అమెరికావాళ్లు వెళ్లిపోయారు. మిగిలిన చెక్క ఇళ్లను మా దేశపు సైన్యం చీటీలు వేసి పంచింది. మా నాన్నతో సహా ఊళ్లో చాలామందికి తలా ఒకటి తగిలింది; పెద్దమ్మకు యాభై ఏడో నంబరు ఇల్లు వచ్చింది. ఆరు రోజుల్లో విప్పి తీసుకుపోవాలి, లేకపోతే పోయినట్టే.

"నెత్తిన పెట్టుకుని మోస్తావా వదినా?" అని నవ్వాడట నాన్న. "పడవ నాది. ఆ చీటీ కూడా నాకిచ్చెయ్. మూల నీకెప్పుడూ ఉండనే ఉంది."

"ఆ మూల తొమ్మిదేళ్లు ఊడ్చాను మరిదీ. ఇక నువ్వే ఊడ్చుకో."

మగవాళ్లు తమకొచ్చిన ఇళ్ల గోడలు గడ్డపారలతో పెళ్లగించారు. మేకులు వంకరపోయి రాళ్లలో పడుతున్నా ఒక్కడూ చూడలేదు. పెద్దమ్మా, తోటి వంటమనిషి ఒవిడియా మాత్రం యాభై ఏడో ఇంటికి ఒక్కో మేకు పీకి, రాతి మీద సాపుచేసి, పందికొవ్వు డబ్బాల్లో వేశారు. మగవాళ్లు పారేసినవీ ఏరుకున్నారు.

"ఇల్లు వదిలేసి ముళ్లు ఏరుతోందిరోయ్!" అని నాన్న ఒకటే ఎగతాళి.

ఆరో రోజు చెక్కలు ఎక్కించే వంతు కోసం పడవల దగ్గర కొట్లాట. పెద్దమ్మ అటు తొంగైనా చూడలేదు. ఆవిడ తండ్రి శాంటా ఎలెనా తీరంలో తెప్పలు కట్టినవాడు. చెక్కలన్నీ తాళ్లతో తెప్పగా బిగించి, నడుమ మేకుల డబ్బాలు కట్టి, తలుపు పైన పరిచి దాని మీద నిలబడి, నీరు అనువుగా తిరిగేదాకా ఆగి గెడ వేసింది.

"తప్పుకోండ్రా, ఇల్లొస్తోంది!"

నాన్న నోరు తెరుచుకుని చూశాడట. భలే పెద్దమ్మ!

ఇంటింటి ముందూ చెక్కలు పోగుపడ్డాయి. అప్పుడు తెలిసొచ్చింది, ఒక్కరి దగ్గరా మేకు లేదు. సరుకు ఓడ రావాలంటే మూడు నెలలు. వానలు వారంలో మొదలవుతాయి. నాన్న టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"వదినా... కాసిని మేకులుంటే..."

"ముళ్లు కదయ్యా, గుచ్చుకుంటాయి."

"అబ్బ, పొడవకు వదినా!"

"ఊరందరికీ ఇస్తాను. పైసా వద్దు. కానీ మొదట లేచేది నా ఇల్లు."

మా వైపు ఇల్లంటే ఊరంతా దిగి కట్టాల్సిందే, తిండి పెట్టే పూచీ ఇంటామెది. సోమవారం ఊరంతా దిగింది. పెద్దమ్మ చేపా అరటికాయా వేసి వేరుశనగ పులుసు కాచింది. పొద్దుగూకేలోగా ఇల్లు లేచింది. కప్పు చివరి చెక్క కొట్టింది మా నాన్నే. దిగి వచ్చి, చెమటలు కక్కుతూ, అలవాటుగా తలుపు తోయబోయాడు.

"ఆగు మరిదీ. కాళ్లు దులుపుకుని రా. ఇది నా గడప."

నాన్న రెండు కాళ్లూ దులుపుకున్నాడు.