దేశం దాటని జకరయ్య పలక

నతానియేలు అబద్ధం ఆడడు. అది గుణమని పాస్టరు గారు అంటారు, రోగమని భార్య అన్నమ్మ అంటుంది. వృద్ధాప్య పింఛనుకు పేర్లు రాసుకోవడానికి ఊళ్ళోకి వచ్చిన ఉద్యోగి "అరవై నిండినాయా పెద్దాయనా?" అని అడిగితే, "ఇంకా మూడు నెలలు తక్కువ సార్" అన్నాడు. మళ్ళీ పేర్లు రాసుకోవడానికి ఇంకొకరు వచ్చేసరికి ఆ మూడు నెలలు రెండేళ్ళయ్యాయి. ఈలోగా అతన్ని 'అన్నా' అని పిలిచే ఎదురింటి పాల్ రాజు, వయసు అడిగినప్పుడు ఆకాశం వైపు చూసి ఒక అంకె చెప్పిన పుణ్యానికి, నెలనెలా పింఛను అందుకుంటూ, అందుకున్న ప్రతిసారీ నతానియేలుకు ఒక టీ ఇప్పించేవాడు. జాలిపడి.

వాళ్ళ ఊరు తర్లుపాడు మండలంలో, మార్కాపురం పోయే రోడ్డు పక్కన. పదహారో ఏట పలకల క్వారీలో చేరిన నతానియేలు నలభై ఏళ్ళు రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చాడు. అతను చీల్చిన రాయి మొదట పలకలై ఎక్కడెక్కడి పిల్లల చేత అక్షరాలు దిద్దించింది. పిల్లలకు పలకలు అక్కర్లేని కాలం వచ్చాక నేల బండలై, గోడ బిళ్ళలై ఓడలెక్కింది. ఎన్ని దేశాల స్నానాల గదుల్లో తన చేతి రాయి పరిచి ఉందో అతనికే తెలియదు. అతను మాత్రం ఒంగోలు దాకా మూడుసార్లు పోయాడు, మూడుసార్లూ దగ్గు చూపించుకోవడానికే. ఊపిరితిత్తుల్లో చేరిన రాతిపొడి లోపలే ఉండిపోయింది. దానికి విదేశాల్లో గిరాకీ లేదు మరి.

ఇంట్లో గోడకు ఒక పాత పలక వేలాడుతుండేది. అది అతని తాత జకరయ్యది. ఆ ఇంట్లో అక్షరం ముక్క నేర్చిన మొదటి మనిషి జకరయ్య. క్రైస్తవ మిషనరీల బడిలో ఇచ్చిన పలక చట్రం మీద మేకుతో గీకి తన పేరూ, 1917 అని సంవత్సరమూ రాసుకున్నాడు. అంకెలు చక్కగానే వచ్చాయి, పేరు మాత్రం చోటు చాలక చివర కిందికి జారింది.

రెండు వేల ఇరవై మూడులో, ఎండలు ఇంకా ముదరకముందు, అతను చివరి ఏళ్ళలో పనిచేసి మానుకున్న రాయి ఫ్యాక్టరీకి, ఇంగ్లండు పక్కనున్న వేల్స్ నుంచి గ్వెన్ అనే ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి. వాళ్ళ ప్రాంతమూ పలకరాతి గనులదేనట. గనులు చాలావరకు మూతబడ్డాయట. అందుకని ఆ గనుల పక్కనే ఉన్న ఇళ్ళ కప్పులకు మార్కాపురం రాయి బాగుంటుందేమో చూసి పోదామని వచ్చింది. లోకంలో వ్యాపారం అంత తెలివిగా నడుస్తోంది. చేత్తో రాయి ఎలా చీలుస్తారో చూడాలని ఆవిడ అడిగితే, మేనేజరు వెంకటేష్ నతానియేలుకు కబురు పంపాడు. మిషన్లు ఫొటోల్లో అంత బాగా పడవు.

నతానియేలు రాయిని నిలబెట్టి, ఉలి ఆనించి, రెండు దెబ్బల్లో చిటికెనవేలి మందం పొరను విడదీసి చూపించాడు. గ్వెన్ ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. వెంకటేష్ తెలుగు చేశాడు: "ఆమె తాత కూడా ఇదే పనంట. ఇది ఆయన చిన్నప్పటి పలకంట. వాళ్ళ ఊళ్ళో ఒక పాత బడిని మ్యూజియం మాదిరి పెట్టుకుంటున్నారంట, నలుగురు ఆడోళ్ళు కలిసి."

నతానియేలు ఆవిడనూ వెంకటేష్‌నూ ఇంటికి పిలుచుకుపోయి జకరయ్య పలక చూపించాడు. గ్వెన్ ఆ జారిన పేరు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది. కావాలని అడగలేదు. అతనే గోడ మీంచి తీశాడు.

"తీసకపో తల్లీ. మీ తాతది పక్కనే పెట్టు. ఇద్దరూ ఒకే పని చేసినోళ్ళు."

గ్వెన్ కళ్ళు తుడుచుకుని సంచీ తెరిచింది. అప్పుడు నతానియేలు వేలితో చట్రం మూల కదిపి చూశాడు. వదులుగా ఉంది. వదులు సరుకు అతని చేతి నుంచి ఎప్పుడూ పోలేదు. "వారం దినాల్లో బాగుచేసి పంపిస్తాను" అన్నాడు.

ఆరోజే సంచీలో వేసి ఉంటే పలక మరునాడు విమానం ఎక్కేది. అలా తీసుకుపోవడం చట్టప్రకారం నేరమని అతనికి తర్వాత తెలిసింది. చట్టప్రకారం పంపాలనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటని ఇంకా తర్వాత తెలిసింది.

మార్కాపురం బస్టాండు దగ్గర మధుసూదన్‌కు కొరియరు దుకాణం ఉంది. 'ప్రపంచంలో ఎక్కడికైనా' అని బోర్డు. ఆ ప్రపంచం ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు.

"ఏంది పెద్దాయనా సరుకు?"

"పలక."

"కొత్తదా, పాతదా?"

"పాతది. నూట ఆరేళ్ళు."

మధుసూదన్ కలం ఆపి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పదేళ్ళు అని రాస్తాలే."

"పదేళ్ళంటే మా తాత చచ్చిపోయినాక బడికి పోయినట్టయితాది."

"ఎవురు చూస్తారు పెద్దాయనా?"

"చట్రం మీదనే ఉంది గదా నాయనా, 1917 అని. నువ్వు పది అని రాస్తే మా తాత అబద్ధమాడినట్టు గదా?"

ఫారంలో నూట ఆరు అని పడింది. "తర్వాత నన్నేమీ అనగాకు" అన్నాడు మధుసూదన్. వ్యాపారంలో అతను మనస్ఫూర్తిగా అన్న మాట బహుశా అదొక్కటే.

పలక పెద్ద ఊరి విమానాశ్రయం దాకా సుఖంగా పోయి అక్కడ ఆగిపోయింది. మూడు వారాలకు ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. వెంకటేష్ చదివి చెప్పాడు. నూరేళ్ళు దాటిన వస్తువులా కనిపిస్తోంది, కనుక అది పురావస్తువు కాదని సర్టిఫికెట్ తేవాలి. అదిగాక చట్రం ఏ కర్రతో చేసిందో, ఆ కర్ర ఎక్కడిదో తెలపాలి. కింద ఒక ఫోన్ నంబరు ఉంది. నతానియేలు చేశాడు.

"ఏ కర్ర?" అని అడిగింది అవతలి గొంతు.

"టేకు సార్. నల్లమలదని మా నాయన చెప్పేటోడు."

"అడవి కర్రా? పర్మిట్ ఉందా?"

"1917లోనా సార్?"

"ఎప్పటిదైనా సరే. కాగితం కావాలి."

"అప్పుడు అడవి దొరలది సార్."

"అయితే దొరలిచ్చిన కాగితమైనా ఉండాలి కదా?"

"దొరలు పోతాపోతా కాగితాలు మాకు ఇచ్చిపోలేదు సార్."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత ఆ గొంతు, కర్ర సంగతి తర్వాత చూద్దాం, ముందు సర్టిఫికెట్ తెమ్మంది.

సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు ఇంకో పెద్ద ఊళ్ళో ఉంది. ఊరి పేరు ఇక్కడ ఎందుకు, అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు. నతానియేలు తెల్లారి బస్సెక్కి, మధ్యాహ్నానికి దిగి, పలక ఫొటో చూపించాడు. ఫొటో చూసి సర్టిఫికెట్ ఇవ్వరట, వస్తువు తేవాలట. వస్తువు విమానాశ్రయంలో ఉంది. విమానాశ్రయం వాళ్ళను అడిగితే, సర్టిఫికెట్ చూడకుండా వస్తువు వదిలేది లేదన్నారు. ఈ రెండు ఆఫీసుల మధ్య అతను మూడుసార్లు తిరిగాడు. దగ్గు చూపించుకోవడానికి పోయిన లెక్కతో సమానమైంది. చివరికి ఎవరో పుణ్యాత్ములు, నిపుణుల కమిటీయే పోయి పలకను అక్కడే చూస్తే సరిపోతుందని కనిపెట్టారు. ఆ కమిటీ కూడడానికి నాలుగు నెలలు పట్టింది. నూట ఆరేళ్ళు ఆగిన పలకకు నాలుగు నెలలు ఒక లెక్కా?

ఫలితం చెప్పింది శ్రీదేవి అనే ఆఫీసరు. ఆమె అతనికి కుర్చీ వేయించింది, దగ్గుతుంటే మంచినీళ్ళు తెప్పించింది. దానివల్ల అతనికి కోపం తెచ్చుకునే అవకాశం కూడా పోయింది.

"నూరేళ్ళు దాటింది తాతగారూ. అది దేశ సంపద. బయటికి పోకూడదు."

"నిన్న మా ఫ్యాక్టరీ నుంచి రెండు లారీల రాయి పోయింది మేడం, ఓడకు. ఆ రాయి ఎన్నేళ్ళది?"

"రాయిదా? కోట్ల ఏళ్ళదంటారు."

"కోట్ల ఏళ్ళది పోవచ్చు, నూట ఆరేళ్ళది పోగూడదా?"

శ్రీదేవి నవ్వింది. "రాయి వయసు కాదు తాతగారూ. దాని మీద మనిషి చేతి పని పడి ఎన్నేళ్ళయిందో అదే మాకు లెక్క."

మనిషి చేతి పనికి లెక్క ఉందని నలభై ఏళ్ళలో ఏ మేనేజరూ నతానియేలుతో అనలేదు. ఆ మాట వినడానికి ఇంత దూరం రావలసి వచ్చింది.

"సరే మేడం. దేశ సంపద అంటిరి గదా, దేశమే పెట్టుకోనీ. మీ మ్యూజియంలో తగిలించండి. మా తాత పేరు అక్కడన్నా ఉంటాది."

శ్రీదేవి ఫైలు తిప్పి, చదివి, తల పైకెత్తకుండానే అంది: "మ్యూజియంలో పెట్టదగినంత విలువ లేదని కమిటీ రాసింది."

"అంటే విలువ ఉందా, లేదా మేడం?"

"పంపకుండా ఆపేటంత ఉంది. పెట్టుకునేటంత లేదు."

చెప్పాక ఆ మాట ఆమె చెవికే ఎలాగో వినిపించినట్టుంది. ఇంకో గ్లాసు నీళ్ళు తెప్పించింది.

పలక తిరిగి ఇల్లు చేరింది. ఒంటినిండా స్టిక్కర్లు. నిజంగా పాతదో కాదో చూడడానికి చట్రాన్ని ఒక మూల గీకారు. పాతదేనని తేలింది, గీత మటుకు కొత్తది. దేశ సంపదను తేమ, దుమ్ము, చేతి స్పర్శ తగలకుండా భద్రపరచవలసిన బాధ్యత యజమానిదేనని కూడా ఒక కాగితం ఉంది. వెంకటేష్ అది చదువుతుంటే అన్నమ్మ ఆపింది.

"దుమ్ము తగలకుండానా? ఈ ఊళ్ళోనా? రాసినాయన్ను ఒక దినం వచ్చి మా ఇంట్లో ఉండి పొమ్మను."

వెంకటేష్‌కు పాపం మనసుకు కష్టమనిపించింది. "పెద్దాయనా, వచ్చే వారం కప్పు రాయి లోడు పోతాంది అటే. మధ్యలో పెట్టేస్తాం. ఎవురికీ తెలియదు" అన్నాడు.

"నాకు తెలుసు గదా" అన్నాడు నతానియేలు.

"ఈ మనిషితో నలభై నాలుగేళ్ళు కాపురం చేసినా" అని అన్నమ్మ వెంకటేష్‌కు చెప్పింది, ఓదార్పుగా.

మరునాడు అతను ఫ్యాక్టరీకి పోయి మంచి రాయి ఒకటి ఏరుకున్నాడు. ఈసారి రెండు దెబ్బలకు చీలలేదు, చేతిలో బలం తగ్గింది. ఏడో దెబ్బకు చీలింది. అరగదీసి, నునుపు చేసి, కొత్త కర్రతో చట్రం కట్టి, నాలుగు మూలలూ కదిపి చూసి, ఎక్కడా కదలదని నమ్మకం కుదిరాక చట్రం మీద తన పేరూ, 2023 అని సంవత్సరమూ చెక్కాడు.

"ఎంత పాతది పెద్దాయనా?" అని మధుసూదన్ భయం భయంగా అడిగాడు.

"నాలుగు దినాలు."

తొమ్మిది రోజుల్లో అది వేల్స్ చేరింది. గ్వెన్ ఫొటో పంపింది. గోడ మీద ఆవిడ తాత పలక, పక్కన ఇది. కింద చిన్న అట్ట మీద ఇంగ్లీషులో ఏదో ఉంది. "నతానియేలు, పలకల పనివాడు, తర్లుపాడు అని రాసినారు" అన్నాడు వెంకటేష్. అతను చీల్చిన వేల టన్నుల రాయిలో పేరుతో సహా సముద్రం దాటింది ఈ ఒక్క జానెడు ముక్కే. నతానియేలు ఫోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, "వంకరగా తగిలించినారు. ఎడమపక్క కొంచెం పైకి లేపమను" అన్నాడు.

జకరయ్య పలకను ఏం చెయ్యాలో చాలా రోజులు తేలలేదు. గోడకు తగిలిస్తే ఆ గీత కనిపించి బాధ. పెట్టెలో పెడితే ఉన్నా లేనట్టే. ఒక ఆదివారం అతను దాన్ని చర్చికి పట్టుకుపోయి, గుమ్మం లోపలి మేకుకు తగిలించి, సుద్దతో, పాటల పుస్తకంలోంచి ఆరోజు పాడవలసిన పాట నంబరు రాశాడు.

పాస్టరు గారు కంగారుపడ్డారు. "చెయ్యి తగలగూడదని గవర్నమెంటోళ్ళు రాసినారంట గదయ్యా?"

"చెయ్యి తగలకుండా నంబరు ఎట్ల రాస్తారు అయ్యగారూ? దేశం దాటి పోలేదు గదా, అది చాలు వాళ్ళకు."

నూట ఆరేళ్ళ దేశ సంపద మీద రాసిన అంకె వెనక వరసల వాళ్ళకు సరిగా కనబడలేదు. ఆ ఉదయం చర్చిలో రెండు పాటలు ఒకేసారి మొదలయ్యాయి. తర్వాతి వారం నతానియేలు అంకె పెద్దగా రాశాడు.