బానెట్ మీద అరచేయి

మా భజన బృందంలో తాళాలు వాయించే మామ నకరికల్లు వైపు క్వారీ రాయి తోలేవాడు. లారీ తీసే ముందు, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు బానెట్ మీద అరచేయి పెట్టేవాడు.

చివరికి ఒకరోజు నిండు లోడుతో ఆ బండి ఎత్తు ఎక్కలేకపోయింది.

"టర్బో పెడితే బలమొచ్చి లాగుద్ది మామా, గానీ ఆ ఒత్తిడికి ఈ ముసలి ఇంజను తట్టుకోలేదు. వేరే ఇంజను ఎక్కిస్తే మేలు, నీ దగ్గరున్న డబ్బుకి అది రాదు," అన్నాడు మెకానిక్.

"భారం స్వామి మీద వెయ్యి మామా," అన్నాను.

"ఏశాలేరా. ఎత్తెక్కేది మాత్రం ఇదే గదా!" అన్నాడు మామ, బానెట్ మీద నుంచి చేయి తీయకుండానే. "దీన్నింకేం పీడిస్తాం? సగం రాయే ఏసి రెండు ట్రిప్పులు తిరుగుతా."

అప్పటినుంచి భజనలో తాళాలు పట్టుకునే నిద్రపోయేవాడు. స్వామి భారం మోస్తాడని నేనిప్పటికీ నమ్ముతాను. ఒక శనివారం మాత్రం ఆ తాళాలు మెల్లగా తీసి, మామ నుదుటి మీద అరచేయి పెట్టాను. కాలిపోతోంది.