సాగదీసిన స్ప్రింగు

2023 జూలై 18, మంగళవారం, ఉదయం పదిన్నర గంటలు. నిజామాబాదును మూడు నాళ్లుగా ముసురు వదలలేదు. ఆ వేళ ఎర్రన్న తుపాకుల మరమ్మతు దుకాణానికి రైఫిల్ క్లబ్బు శిక్షకుడు నర్సింలు, అతని శిష్యురాలు నవత వచ్చారు. నవత ఎడపల్లి చెరకు రైతు కూతురు, డిగ్రీ విద్యార్థిని. ఆమె వాడే క్లబ్బు రైఫిలులో పదింట ఒక తూటా పేలడం లేదట.

ఎర్రన్న రైఫిలులో తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టును విప్పి చూశాడు. తూటాను కొట్టే పిన్నును ముందుకు నెట్టే స్ప్రింగు కుంగిపోయింది. కొత్తది హైదరాబాదు నుండి రావాలి. జిల్లా ఎంపిక పోటీ ఆదివారమే. అతనివి బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు ఫిట్టరు పని చేసిన చేతులు. చెరకు ఆడే నెలల్లో యంత్రం ఆగరాదు గనుక, కుంగిన స్ప్రింగును గుంజి మళ్లీ ఎక్కించడం అక్కడి వాడుక. ఇక్కడా అదే చేసి పంపాడు.

సోమవారం వారు మళ్లీ వచ్చారు. పోటీలో ఇరవై తూటాలు సవ్యంగా పేలి, ఆపై మూడు మొరాయించాయి. నవత బోల్టు పిడిని పూర్తిగా దించకపోవడమే కారణమని నిర్వాహకులు తేల్చారు. లోపం తుపాకిదేనని లైసెన్సు గల మరమ్మతుదారు రాసిస్తే మరొక అవకాశం ఇస్తామన్నారు.

ఎర్రన్న భూతద్దం పెట్టి ఆ మూడు తూటాలనూ చూశాడు. అంచున పిన్ను గుర్తు గోటిగీతంత లోతు కూడా లేదు. బోల్టు విప్పగా, గుంజిన స్ప్రింగు మళ్లీ పాత పొడుగుకే ముడుచుకొని ఉంది. మరమ్మతుకు వచ్చిన క్లబ్బు తుపాకులు మరి మూడు అతని బీరువాలో ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తే అవి వేరే చోటికి పోవచ్చు.

నవత నెమ్మదిగా అడిగింది. “కాకా, నా చెయ్యే మంచిగ లేదా? గట్లయితే చెప్పు, ఇడిసిపెడ్త.”

“నీ చేతికేం గాలే బిడ్డా. తప్పు నాది. ఫ్యాక్టరీల గుంజినట్టు గుంజిన.”

నర్సింలు నవ్వాడు. “ఫ్యాక్టరీ బందై ఏడేండ్లు దాటె. నీ చేతులు ఇంకా డ్యూటీ దిగలేదా అన్నా?”

ఎర్రన్న కాగితం తీశాడు. పాత స్ప్రింగును సాగదీసి అమర్చింది తానేనని రాసి, సంతకం చేసి, దుకాణం ముద్ర వేశాడు. మరునాడు తొలి బస్సుకు హైదరాబాదు పోయి కొత్త స్ప్రింగు తెచ్చాడు. బోల్టులో గడ్డకట్టిన పాత నూనెను కిరసనాయిలుతో కడిగి, కొత్త స్ప్రింగును అమర్చాడు. శుక్రవారం షూటింగు మైదానంలో నవత వెనుక నిలబడి ఒక్కొక్క మోతనూ లెక్కించాడు. అరవైకి అరవై పేలాయి.

నిర్వాహకులు ఇచ్చిన రెండో అవకాశంలో నవత ఆగస్టులో జిల్లా జట్టుకు ఎంపికై, రాష్ట్ర పోటీల్లో తొమ్మిదవ స్థానం పొందింది. ఇప్పుడు క్లబ్బులో కొత్తవారికి నేర్పుతున్నది. క్లబ్బు తుపాకులు ఎర్రన్న వద్దకే వస్తున్నాయి. పాత స్ప్రింగు అతని బల్లకు ఎదురుగా మేకుకు వేలాడుతున్నది.