పరుపులావిడ పీల్చని గాలి

పరుపులు కుట్టే ఆవిడ కంటికి లోకంలో ఎవరూ ఆనరు. మర మీద దూది ఏకి, పరుపులు కుట్టి పిల్లలను ఒడ్డెక్కించింది. అందరికీ మెత్తని పడక అమర్చిన మనిషికి చివరికి పడుకునే యోగం లేకపోయింది. పీల్చిన దూది దుమ్ముకు ఊపిరితిత్తులు వాచి, నడుం వాల్చగానే ఆయాసం ముంచుకొచ్చేది. గోడకు ఆనుకునే కునుకు తీసేది.

ఆ వాపుకు ఆస్పత్రిలో కొత్త వైద్యం పరీక్షిస్తున్నారని కోడలు తీసుకెళ్లింది. మాస్కు పెట్టుకుని ఒక వాయువును పీల్చాలట.

“దుమ్ముగాలి పాడుచేసిన రొమ్ముకు మళ్లీ గాలే మందా? బాగుంది వరస!” అంది ఆవిడ పెదవి విరిచి.

“పనిచేస్తుందో లేదో తేల్చడానికేనమ్మా ఈ పరీక్ష,” అన్నాడు డాక్టరు.

“అంటే నీకే తెలియని మందు నాకు పెడుతున్నావన్నమాట. మీసాలైనా సరిగ్గా మొలిచాయా నాయనా?”

అక్కడి నర్సు ఆవిడ మాటలు పట్టించుకోలేదు. చల్లని మాస్కు ముసలి ముఖానికి జివ్వుమంటుందని, అరచేతుల మధ్య వెచ్చబెట్టి మరీ తొడిగేది. అదీ ఆవిడ కంటికి ఆనలేదు. “వేషాలు!” అనేది.

వారాలు గడిచినా ఆయాసం ఇసుమంతైనా తగ్గలేదు. “ఈ వారమూ మార్పు లేకపోతే ఆపేద్దాం. పెద్దావిడను ఊరికే తిప్పడం ఎందుకు?” అన్నాడు డాక్టరు.

“నేను చెప్పలా!” అంది ఆవిడ గెలిచినట్టు. కాని కోడలి ముఖం చూడలేక తల తిప్పుకుంది. ఈ గెలుపుతో మళ్లీ గోడే గతి.

ఆ రోజు నర్సు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి పక్కనే నిలబడింది. వాయువు బుస్సుమనగానే ఆ భుజం కొయ్యబారిపోయింది. కాసేపటికి ఆవిడ మొహం పక్కకు తిప్పి, బొటనవేలితో మాస్కు అంచు ఎత్తి, బయటి గాలి గుక్కెడు పీల్చింది.

“ఇదేంటి పెద్దమ్మా, మందు పీల్చడమే లేదా?” అంది నర్సు.

కోడలికి చటుక్కున వెలిగింది. మర దుమ్ము ఎగజిమ్మినప్పుడు ఊపిరి బిగబట్టడం, పక్కకు తిరిగి గుక్కెడు తీసుకోవడం దూది ఏకేవాళ్లకు మొదట అబ్బే విద్య.

“అత్తయ్యా, ఇక్కడా బిగబడుతున్నారా? ఇది మర కాదండీ!”

ఆవిడ తెల్లబోయింది. ఒళ్లు తనకు చెప్పకుండా చేస్తున్న పని అది. అయినా ఒప్పుకునే నోరా? “మంచి గాలయితే అదే లోపలికి పోయేది,” అంది.

డాక్టరు నవ్వలేదు. “ఇన్నాళ్లదీ వదిలేద్దాం. మళ్లీ మొదటి నుంచి చేద్దాం.”

నర్సు మాస్కును మళ్లీ అరచేతుల్లో వెచ్చబెట్టింది. ఈసారి ఆవిడ ఓపిగ్గా కాచుకుని, కళ్లు మూసుకుని రొమ్ము నిండా పీల్చింది.

“ఇంతేనా? మా మర దుమ్ముకున్న పదును కూడా లేదు.”

అది బాగుచేస్తుందో లేదో దేవుడికే ఎరుక. ఇంటికి వెళుతూ కోడలితో, “నా పరుపు ఎండలో వేసి, పరిచి ఉంచు,” అంది. కోడలి కళ్లు మెరవడం చూసి వెంటనే మూతి ముడిచింది.

“పడుకుంటానని కాదు. చుట్టి ఉంచితే దూది ముద్దకడుతుంది.”